పద్యలక్షణం సరిచూసే ప్రోగ్రాము: క్లాడ్ కోడ్‌పై సమీక్ష

ఆంత్రోపిక్ సంస్థ 2025 ఫిబ్రవరిలో ప్రయోగాత్మకంగా విడుదల చేసి, మే నెలలో అందరికీ అందుబాటులోకి తెచ్చిన, కృత్రిమ మేధతో ప్రోగ్రాములు రాసిపెట్టే సాధనమైన క్లాడ్ కోడ్‌తో, వృత్తపద్యాలలో గణాలను, యతిప్రాసలను సరిచూసే చిన్న ప్రోగ్రామును పైథాన్ అనే కంప్యూటరు భాషలో నా సొంత అవసరానికి తయారు చేయించుకున్నాను. ప్రోగ్రామింగ్ రాకపోయినా ఛందస్సు బాగా తెలిసినవారికి ఇది ఎంతో విలువైన సాధనమని నా అభిప్రాయం.

ఉత్పలమాల పాదంలో భ, ర, న, భ, భ, ర, వ గణాలు వరుసగా వస్తాయని, 20 అక్షరాలలో పదవది యతిస్థానమని తెలుగులో రాసి ఇస్తే సరిపోతుంది. అయితే అక్షరమంటే ఏమిటో ముందే స్పష్టంగా చెప్పాలి. 'స్త్రీ' మనకు ఒకే అక్షరం. కంప్యూటరులో అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో మాత్రం అది ఆరు సంకేతాల వరుస కాబట్టి, పైథాన్ దాని పొడవును ఆరుగానే లెక్కిస్తుంది.

అసలు పరీక్ష గురులఘు నిర్ణయంలో ఉంది. 'రాజద్వారము' సమాసం కనుక 'ద్వా' ముందున్న 'జ' గురువవుతుంది. 'వాడు ద్వారము తెఱచెను' అన్నప్పుడు మాటలు వేరు కనుక 'డు' లఘువుగానే నిలుస్తుంది. పద్యాన్ని పదాల మధ్య ఖాళీ లేకుండా అచ్చువేయడం మన పాత ప్రతులలో సాధారణం కాబట్టి, ఈ తేడాను అక్షరాల వరుస మాత్రమే చూసి ఏ ప్రోగ్రామూ తేల్చలేదు. అందుకే సందేహం ఉన్నచోట తీర్పు చెప్పకుండా గుర్తుపెట్టి చూపమని ఆదేశించాను. లక్షణ గ్రంథాలలోని ఉదాహరణ పద్యాలను, వాటి గణవిభజనతో సహా, పరీక్షలుగా ఇచ్చి, ప్రతి మార్పు తరువాత అవన్నీ సరిపోవాలని నియమం పెట్టడం ఈ పనికి ప్రాణం. ఛందస్సు తెలియనివారు ఈ పరీక్షలను రాయలేరు, వచ్చిన ఫలితం సరైనదో కాదో పోల్చుకోనూ లేరు.

ఇటువంటి నియమాలను 'CLAUDE.md' (క్లాడ్.ఎండి) అనే ఫైలులో రాసిపెడితే, సాధనం ప్రతిసారీ పని మొదలుపెట్టేటప్పుడు దానిని చదువుకుంటుంది. ఫైళ్లను మార్చే ముందు మామూలుగా అనుమతి అడుగుతుంది. అడిగినప్పుడల్లా చదవకుండా ఒప్పుకోవడం మంచిది కాదు.

క్లాడ్ కోడ్‌ను నడిపే టెర్మినల్, అంటే ఆదేశాలను టైపు చేసే తెర, కొత్తవారిని కొంత బెదరగొడుతుంది. నెలకు 20 డాలర్ల చందా ఒక్క పద్యకవికి భారమే, పైగా వాడకానికి పరిమితి ఉంది. కానీ తయారైన ప్రోగ్రాము మన కంప్యూటరులోనే, ఇంటర్నెట్ లేకుండా నడుస్తుంది కనుక, పని పూర్తయ్యాక చందా ఆపివేసినా నష్టం లేదు.