వాలు మీద అనాస తోటకు కొబ్బరి పీచు వల: రెండు వానాకాలాలు చూశాక రాస్తున్నాను

ముందే సూటిగా చెప్పేస్తాను. కొండవాలులో అనాస వేసేవాళ్ళకు, వానకి మట్టి కొట్టుకుపోకుండా ఆపడానికి కొబ్బరి పీచు వల పనికొస్తుంది. అయితే తోటంతా పరవక్కర్లేదు, పరిచిన చోట మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని పరవాలి. వలకి ఐదుకి నాలుగు ఇస్తున్నాను, ఆ తగ్గిన ఒకటి ధర వల్ల. అమ్మిన కొట్టుకి రెండు కూడా ఎక్కువే, ఎందుకో కింద రాశాను.

మాది సీతంపేట ఏజెన్సీ, ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లా, 2022కి ముందు శ్రీకాకుళం. అటవీ హక్కుల పట్టా వచ్చిన ఎకరంన్నర కొండవాలులో మా నాన్న ఎన్నో ఏళ్ళుగా అనాస వేస్తున్నారు. మేం వేసేది క్వీన్ రకం, పండు చిన్నదే కానీ కోస్తే వాసన వీధిలోకి వస్తుంది. అనాసతో చిక్కేమిటంటే దాని వేళ్ళు పైపైనే ఉంటాయి, లోతుకి దిగి మట్టిని పట్టుకోవు. పిలక నాటాక ఆకులు కమ్ముకోవడానికి ఏడాది దాకా పడుతుంది, అన్నాళ్ళూ కలుపు తీసిన ఎర్రమట్టి బోసిగా వానకి దొరికిపోతుంది. దానికి తోడు మా సాళ్ళు పై నుంచి కిందికి నిలువుగా ఉండేవి, ఎందుకంటే పళ్ళ కావిడి భుజాన వేసుకుని దిగేవాడికి అడ్డం లేని దారి కావాలి కదా. ఆ దారినే నీళ్ళూ దిగుతాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్ళాక మా కింది గెడ్డ, అంటే కొండవాగు, నాలుగు రోజులు ఎర్రగానే పారింది. తోటలోకి వెళ్తే ఒక్కో మొక్క ఒక్కో చిన్న మట్టి దిబ్బ మీద నిలబడి ఉంది, చుట్టూ మట్టి పోయింది, వేళ్ళు బయటపడ్డాయి, అంతకుముందు ఎప్పుడూ చూడని రాళ్ళు తేలాయి. పోయింది పైమట్టి, సారమంతా ఉండేది అందులోనే. ఆ ముక్కలో తర్వాతి కాపు చూసి మా నాన్న రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

రెండేళ్ళ క్రితం పాత మొక్కలు తీసి కొత్త పిలకలు వేసేటప్పుడు ఈ వల కొన్నాం. కొబ్బరి పీచు తాడుతో అల్లిన చాప లాంటిది, చుట్టగా వస్తుంది, వల కన్నులో బొటనవేలు పడుతుంది. చదరపు మీటరుకి 400, 700, 900 గ్రాముల బరువుల్లో దొరుకుతుంది. మేం 700ది అడిగాం. గెడ్డ వైపు బాగా వాలుగా ఉన్న పది సెంట్లకి, అంటే దాదాపు 400 చదరపు మీటర్లకి సరిపడా తెచ్చాం. మా నాన్న చుట్టని చేత్తో తట్టి "ఇంత డబ్బెట్టి పీచు తెస్తే వాన మాటింటాదేట్రా?" అన్నారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

పరవడంలోనే అసలు సంగతంతా ఉంది. పై అంచున జానెడు లోతు కాలువ తవ్వి, వల అంచు అందులో పెట్టి మట్టి కప్పి తొక్కాలి, లేకపోతే నీళ్ళు వల కిందికి దూరతాయి. వెదురు మేకులు దగ్గర దగ్గరగా కొట్టాలి. మొదటిసారి మేకులు ఆదా చేద్దామని నేను రెండు బారలకి ఒకటి కొట్టాను. ఓ చోట నేల గుంటగా ఉంది, వల దాని మీద గుడారం లాగా తేలిపోయింది. ఆగస్టు వానల తర్వాత ఎత్తి చూస్తే కింద చెయ్యి పట్టేంత లోతు గాడి పడి ఉంది. పైనుంచి చూస్తే అంతా బాగానే కనిపించింది! అక్కడ మట్టి నింపి, అడుగుకో మేకు కొట్టి, వల నేలకి అంటుకునేలా చేశాం. మళ్ళీ గాడి పడలేదు.

సరిగ్గా అంటిన చోట మాత్రం ఎంత బాగా పనిచేసిందో చెప్పాలి. మొన్న ఓ మూల కొడవలితో కోసి చూశాను. ప్రతి అడ్డ తాడుకీ పై వైపున మెత్తటి ఎర్ర మట్టి వేలెడు మందాన ఆగి ఉంది, పీచు సగం చివికి తడి గోనెసంచి వాసన వస్తోంది, అందులోకి అనాస వేళ్ళు సన్నగా పాకాయి, కింద వానపాములు. వల లేని పక్క సాళ్ళలో మొక్కలు ఒరిగి ఖాళీలు పడ్డాయి, వల ఉన్న పది సెంట్లలో ఒక్క పిలకా కొట్టుకుపోలేదు. ఈ జూన్‌లో మొదటి కాపు కోశాం, ఆ ముక్క పళ్ళని మా నాన్న విడిగా కుప్ప పోయించారు.

ఇక కొట్టు సంగతి. మాకు ఇచ్చిన చుట్టల్లో రెండు 400వి, బిల్లు మాత్రం అన్నీ 700కే వేశారు. మాకు తెలిసింది రెండో వానాకాలంలో, అవి ముందే పిగిలిపోయాక. అడిగితే ఒప్పుకోలేదు, నేను పెద్ద గొడవ చేయలేకపోయాను. ఆ బాధ ఇంకా ఉంది, ఎందుకంటే అది మాకు చిన్న డబ్బు కాదు. మీరు కొనేటప్పుడు మీటరు పొడవు, మీటరు వెడల్పు ముక్క ఒకటి అక్కడే తూకం వేయించండి. పొడి చుట్టదే వేయించండి, తడిసిందైతే బరువు ఎక్కువ చూపిస్తుంది.

నల్ల ప్లాస్టిక్ మల్చింగ్ షీటు వేస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చదును నేలలో కలుపు ఆపడానికి మంచిదే. మా పక్క కొండవాలులో వేసినవాళ్ళని చూశాను. షీటు మీద పడ్డ నీళ్ళు ఇంకక, మధ్య దారుల్లోకి ఒక్కసారిగా దూకి అక్కడి మట్టిని ఇంకా లోతుగా కోశాయి. చిరిగిన ముక్కలు గెడ్డలో ఇప్పటికీ దొరుకుతున్నాయి. పీచు వల అయితే రెండు మూడేళ్ళకి నేలలోనే కలిసిపోతుంది.

వల ఒక్కటే సరిపోతుందని మాత్రం అనుకోకండి. అది అనాస కమ్ముకునేదాకా కాపాడుతుంది, అంతే. సాళ్ళని వాలుకి అడ్డంగా తిప్పడం అంతకంటే ముఖ్యం, దానికి రూపాయి ఖర్చు లేదు. మూడు కర్రలు ఇంగ్లీషు 'A' అక్షరం ఆకారంలో కట్టి, పై కొన నుంచి తాడుకి రాయి వేలాడదీసి, రెండు కాళ్ళూ ఒకే మట్టంలో ఉన్నప్పుడు తాడు అడ్డకర్రని తాకే చోట గీత పెట్టుకుంటే చాలు, ఆ గీత చూసుకుంటూ కొండ చుట్టూ మట్టం గుర్తులు పెట్టుకుపోవచ్చు. ఆ గుర్తుల వెంట మేం వట్టివేరు పిలకలు జానెడు ఎడంలోపే నాటాం. వట్టివేరు పక్కలకి పాకదు, వేరు మాత్రం రెండు మూడు మీటర్లు నిలువుగా దిగుతుంది. కావిడి దిగడానికి రెండు చోట్ల ఏటవాలు దారి వదిలి రాళ్ళు పరిచాం, మొదట విసుక్కున్నా ఇప్పుడు అందరూ అలవాటు పడ్డారు. కాపు అయ్యాక అనాస ఆకుల్ని తగలబెట్టకుండా సాళ్ళ మధ్య అడ్డంగా పరుస్తున్నాం, అదీ బాగానే పట్టుకుంటోంది.

వచ్చే ఏడు మళ్ళీ వల కొంటాం, వేరే కొట్టులో, 900 గ్రాములది, గెడ్డ ఒడ్డున ఐదు సెంట్లకే. మిగతా వాలుకి వట్టివేరు చాలని మా నాన్న అంటున్నారు. దుబ్బులు బాగా కట్టాయి, తొలకరికి విడదీసి నాటుతాం.