డీగ్రామా, ఇయోవాల్డీయా, ఫ్రిస్కో కుర్రాళ్లా: రేంజర్స్‌కు ఏది మేలు?

ఏటా నవంబరు రాగానే డల్లాస్ పక్క ప్లేనోలో ఉండే మా తోడల్లుడు మన బేస్‌బాల్ జట్టు టెక్సస్ రేంజర్స్ గురించి ఫోను చేసి ఒకే మాట అడుగుతాడు. "అన్నయ్యా, ఈసారైనా మనవాళ్లు బంతి విసిరే మంచి పిచర్‌ను కొంటారా, లేక మళ్లీ బేరాల సంతకే వెళ్తారా?" ఈ చలికాలం అదే ప్రశ్న గుడిలో ఒకరు, పిల్లల క్రికెట్ శిక్షణ దగ్గర ఇద్దరు అడిగారు. ముగ్గురికీ మూడు రకాలుగా, అదీ సగం సగం చెప్పి వచ్చాను. ఒకసారి కూర్చుని సరిగ్గా తూకం వేద్దామనిపించింది.

టెక్సస్ రేంజర్స్ మీద కోపగించుకునేవాళ్లందరూ డాలర్ల దగ్గరే ఆగిపోతారు. ఎక్కువ ఖర్చు పెడితే "తగలేశారు" అంటారు, తక్కువ పెడితే "పిసినారులు" అంటారు. నేను చూసేది డబ్బును కాదు, ఏళ్లను. ఒప్పందంలోని సంవత్సరాలు ఎవరి పక్షాన ఉన్నాయన్నదే నా లెక్కలో మొదటి ప్రశ్న. ఐపీఎల్ వేలం చూసి పెరిగిన మనకు ఇది వెంటనే తట్టదు. అక్కడ జట్టు చేతిలోని సొమ్ముకు హద్దు ఉంటుంది, తప్పు చేసినా పెద్ద వేలం వచ్చేసరికి దులుపుకోవచ్చు. ఇక్కడ హద్దు లేదు, గీత దాటితే పన్ను కట్టడమే. సంతకం పెట్టాక మాత్రం పిచర్ మోచేయి విరిగినా, భుజం పట్టేసినా జీతం ఆఖరి డాలరు దాకా ఇవ్వాల్సిందే.

జేకబ్ డీగ్రామ్‌తోనే మొదలుపెడదాం, గొడవంతా ఆయన దగ్గరే కాబట్టి. 2022 డిసెంబరులో ఐదేళ్లకు 18.5 కోట్ల డాలర్లు. లీగ్‌లో ఏటా మేటి పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు రెండుసార్లు అందుకున్న మనిషి, బంతి చేతిలో ఉన్న రోజున ఆయన్ను మించినవాడు లేడు. ఆ రోజులు ఎన్ని అన్నదే చిక్కు. న్యూయార్క్ మెట్స్‌లో చివరి రెండు సీజన్లలో ఆయన తొలి పిచర్‌గా మొదలుపెట్టిన ఆటలు 15, 11. మొదటి టామీ జాన్ శస్త్రచికిత్స (మోచేతి స్నాయువు బాగుచేసేది) 2010లోనే అయిపోయింది. ఇవన్నీ తెలిసే కొన్నారు. మేమూ తెలిసే చంకలు గుద్దుకున్నాం.

2023 ఏప్రిల్ 28న యాంకీస్‌తో ఆట. ఆ శుక్రవారం రాత్రి ఆర్లింగ్టన్ గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌లో నేనూ మా అబ్బాయీ ఉన్నాం. నాలుగో ఇన్నింగ్స్‌లో వైద్య సిబ్బంది మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) దగ్గరికి నడిచి వెళ్లారు. అంతవరకు హోరెత్తుతున్న జనం ఎవరో మీట నొక్కినట్టు ఆగిపోయారు. మా ముందు వరుసలోని పెద్దాయన చేతిలోని స్కోరు పుస్తకం మూసి పెన్సిల్‌ను జేబులో పెట్టేసుకున్నాడు. ఆట ఇంకా సగం మిగిలే ఉంది. "ముంజేయి బిగుసుకుంది" అని తర్వాత ప్రకటించారు. డీగ్రామ్ మళ్లీ రేంజర్స్ చొక్కాలో బంతి వేసింది 2024 సెప్టెంబరు 13న, సియాటిల్‌లో. మధ్యలో రెండో టామీ జాన్.

లెక్క కడితే కడుపు మండుతుంది. 2023లో 6 ఆటలు, 2024లో 3. రెండేళ్లకూ కలిపి 41 ఇన్నింగ్స్ (ఒక్కో ఆటకు తొమ్మిది ఉంటాయి). ఆ రెండేళ్ల జీతం 3 కోట్లు, 4 కోట్లు, మొత్తం 7 కోట్ల డాలర్లు. అంటే ఒక్కో ఇన్నింగ్స్‌కు దాదాపు 17 లక్షలు. రెండేళ్లు జీతం జట్టుది, విశ్రాంతి చేతిది. తిడదామంటే మనిషి చేసిన తప్పేమీ లేదు, అదింకా బాధ.

అదే డిసెంబరులో ఎవరూ డప్పు కొట్టకుండా వచ్చినవాడు నేథన్ ఇయోవాల్డీ. రెండేళ్లకు 3.4 కోట్లు. హ్యూస్టన్ పక్కన ఉండే ఆల్విన్ అతనిది. ఒకప్పటి మేటి పిచర్ నోలన్ ర్యాన్ పెరిగిన ఊరూ అదే. ఇయోవాల్డీకీ రెండు టామీ జాన్‌లు అయ్యాయి, కాబట్టి చేయి గట్టిదని, డీగ్రామ్‌ది పెళుసని అనడానికి లేదు. తేడా రాసుకున్న కాగితంలో ఉంది. ఆ రెండేళ్లలో ఇతను వేసినవి 314 ఇన్నింగ్స్ పైచిలుకు, అంటే ఇన్నింగ్స్‌కు లక్షా ఎనిమిది వేల డాలర్లు. 2023 అక్టోబరు, నవంబరులో కప్పు కోసం ఆడిన ఆటలు ఇందులో కలపలేదు. అక్కడ ఆరు ఆటలు మొదలుపెట్టి ఐదు గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు.

ఆ ఐదింటిలో చివరిది, ఫైనల్ అయిన ప్రపంచ సిరీస్‌లో ఐదో ఆట, ఫీనిక్స్‌లో జరిగింది. ఆ రోజు ఇయోవాల్డీ బాగా వేయలేదు. గురి తప్పిన బంతులతో ఐదుగురిని ఊరికే నడిపించి బేస్ ఎక్కించాడు, నలుగురు కొట్టి ఎక్కారు. అవతల అరిజోనా డైమండ్‌బ్యాక్స్ పిచర్ జాక్ గాలెన్ ఆరు ఇన్నింగ్స్ దాకా మనవాళ్లకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఇన్నింగ్స్ మారినా మా ఇంట్లో దృశ్యం మారలేదు: రెండో బేస్ మీద ఒకడు, సోఫా అంచున నేను, వంటింటి గుమ్మంలో చూడలేక చూస్తున్న మా ఆవిడ. రన్నర్లు రెండో బేసో, మూడో బేసో చేరి ఉండగా ఆ జట్టు బ్యాటర్లు తొమ్మిదిసార్లు ప్రయత్నించి తొమ్మిదిసార్లూ విఫలమయ్యారు. ఆరు ఇన్నింగ్స్, సున్నా పరుగులు. చివరికి 5-0తో కప్పు మనది. చెడ్డ రోజున కూడా ఆటను జారిపోనివ్వని పిచర్‌కు వెల ఎంతని కడతారు? ఆ రాత్రి డీగ్రామ్‌ది ఇంకా కోలుకుంటున్న మోచేయి.

ఇక్కడితో ఆపితే తీర్పు సులువు. కానీ 2025 వచ్చి నా లెక్కలో వేలు పెట్టింది. 37 ఏళ్ల వయసులో డీగ్రామ్ 30 ఆటలు మొదలుపెట్టాడు, 172 ఇన్నింగ్స్ పైన వేశాడు, ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు, తక్కువైతే మేలు) 2.97. అమెరికన్ లీగ్‌లో పునరాగమన ఆటగాడి అవార్డు కూడా ఆయనకే. అదే ఏడాది, మూడేళ్లకు 7.5 కోట్లు ఇచ్చి మళ్లీ తెచ్చుకున్న ఇయోవాల్డీ 1.73 ఈఆర్‌ఏతో కళ్లు చెదిరేలా వేస్తూ వేస్తూ ఆగస్టులో భుజం దెబ్బతిని ఆగిపోయాడు. 130 ఇన్నింగ్స్. మా తోడల్లుడు ఆ రోజే ఫోను చేసి "ఇప్పుడేమంటావు అన్నయ్యా?" అన్నాడు. ఇప్పుడూ అదే అంటాను. మొదటి ఒప్పందం రెండేళ్లది, మూడో ఏటికి ఉన్న ఎంపికను అతనే వదులుకున్నాడు కాబట్టి, రెండేళ్ల తర్వాత ఆ చేతిని మళ్లీ చూసి, తూచి, వెల మాట్లాడుకునే వీలు జట్టుకు దక్కింది. వెల పెరిగింది, నిజమే. ఏడాదికి 1.7 కోట్ల నుంచి 2.5 కోట్లయింది. కానీ పెంచింది కళ్లతో చూసి. డీగ్రామ్ విషయంలో ఆ అవకాశమే లేదు. 2024 శీతాకాలంలో బేరం మళ్లీ మొదలుపెట్టి ఉంటే ఆ చేతికి 4 కోట్లు ఎవరిచ్చేవారు?

ఏళ్లకు ఎంత బరువుందో నాకు నేర్పింది మరో పిచర్ జోర్డన్ మాంట్‌గోమరీ. 2023 అక్టోబరులో టాంపా బేలో ఏడు ఇన్నింగ్స్, హ్యూస్టన్‌లో ఆరు దాటి, రెండు చోట్లా ఒక్క పరుగు ఇవ్వలేదు. హ్యూస్టన్‌తో ఏడో ఆటలో మన తొలి పిచర్ షెర్జర్ త్వరగా దిగిపోతే మధ్యలో వచ్చి ఆదుకున్నాడు. అలాంటివాణ్ని ఆ శీతాకాలం మనవాళ్లు వదిలేశారు. మన ఆటలు చూపించే టీవీ సంస్థ దివాలా కోర్టులో ఉంది, వచ్చే డబ్బు వస్తుందో రాదో తెలియదన్నారు. అతని బదులు శస్త్రచికిత్స నుంచి కోలుకుంటున్న టైలర్ మాలీకి రెండేళ్లకు 2.2 కోట్లు ఇచ్చారు. "కప్పు గెలిచిన మరుసటి చలికాలమే ఇంత పీనాసితనమా" అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఆ మాట దాచుకోను.

మాంట్‌గోమరీ మార్చి చివరి దాకా ఎదురుచూసి ఏడాదికి 2.5 కోట్లకు అరిజోనా వెళ్లాడు. 6.23 ఈఆర్‌ఏ. ఆ సీజన్ ముగిశాక అరిజోనా జట్టు యజమానే రేడియోలో అతన్ని తీసుకున్న తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాదికి ఉండాలా వెళ్లాలా అనే ఎంపిక మాత్రం ఆటగాడి చేతిలో ఉంది. ఉన్నాడు. వసంతంలో మోచేతికి శస్త్రచికిత్స జరిగి ఆ ఏడాదంతా ఒక్క బంతి వేయలేదు. ఏడాది ఒప్పందమే అనుకున్నది ఒక్క షరతుతో రెండేళ్ల భారమైంది. మేం అడిగినట్టు ఐదేళ్లు ఇచ్చి ఉంటే? ఆలోచించడం మానేశాను.

ఇక మూడో దారి, సొంతంగా పెంచుకోవడం. ఇది మా ఊరి సంగతి. రేంజర్స్ రెండు మెట్ల కింది జట్టు ఆడేది ఫ్రిస్కోలోనే. అవుట్‌ఫీల్డ్ వెనక పిల్లలు రబ్బరు ట్యూబుల మీద తేలుతుండే నీటి కాలువ ఉన్న మైదానం అది. 2021 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ల ఎంపికలో) రెండో స్థానంలో ఎంపికైన జాక్ లైటర్‌ను 2022 వేసవంతా అక్కడ చూశాను. బంతి వేగం చూస్తే రేపే పైకి పంపొచ్చు అనిపించేది, తర్వాత వరసగా ఇద్దరిని నడిపించేవాడు. మూడు గెలుపులు, పది ఓటములు, ఈఆర్‌ఏ 5.54. పైకి వెళ్లిన 2024లో 8.83. అప్పటికి చాలామంది ఆశ వదిలేశారు. 2025లో 29 ఆటలు, 3.86. నాలుగేళ్లు పట్టింది, కానీ ఆ నాలుగేళ్లకు జట్టు ఇచ్చింది ముందస్తు బోనస్, చిన్న జీతాలు మాత్రమే. ఇకముందు ఏళ్లు కూడా జట్టు చేతిలోనే ఉన్నాయి. నచ్చకపోతే కింద ఉంచవచ్చు, నచ్చితే మార్కెట్ ధర ఇవ్వకుండానే కొన్నేళ్లు అట్టిపెట్టుకోవచ్చు. ఏళ్ల లెక్కలో జట్టుకు ఇంతకన్నా అనుకూలమైనది లేదు. ఆటగాడికి ఇది న్యాయమా అంటే కాదనే అంటాను, అది వేరే చర్చ.

లైటర్‌తో కలిసి వాండర్‌బిల్ట్‌లో చదివిన కుమార్ రాకర్ కథ మరో రకం. తల్లి భారత సంతతి. కాలేజీలో ఒకే ఆటలో 19 మందిని స్ట్రైకౌట్ చేసి (బంతి కొట్టనివ్వకుండానే అవుట్ చేసి) హిట్ ఇవ్వని కుర్రాడు. 2022లో మూడో స్థానంలో తీసుకున్నారు, మరుసటి ఏడాదే టామీ జాన్. 2024 ఆగస్టులో గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారిని ఫ్రిస్కో మైదానానికి తీసుకెళ్లాం. మైకులో ఆ పేరు వినగానే ఆవిడ పాప్‌కార్న్ పక్కన పెట్టి "కుమారా! ఎవరింటి అబ్బాయి?" అన్నారు. ఆ తర్వాత పక్కకు జారే ప్రతి స్లైడర్ బంతికీ ఆవిడే ముందు చప్పట్లు. కానీ పై మెట్టు మీద 2025లో అతనికి 14 ఆటల్లో 5.74. మళ్లీ కింద నుంచి మొదలు. ఇద్దరిలో ఒకడు నిలిచాడు. మొలకల లెక్క ఇంతే, దీన్నే నమ్ముకుని సీజన్ నడపలేం.

సీజన్ మధ్యలో మార్పిడి చేసుకోవడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. కలిసివచ్చిన ఏడాది అలా వచ్చినవాడు మాంట్‌గోమరీ, కలిసిరాని ఏడాది మెరిల్ కెల్లీ. కెల్లీ కోసం ముగ్గురు కుర్ర పిచర్లను ఇచ్చాం, అతను రెండు నెలలు ఆడి అరిజోనాకే తిరిగి వెళ్లిపోయాడు.

చవక బుల్‌పెన్ (ఆట మధ్యలో దిగే పిచర్లు) మీదే మా తోడల్లుడికి అన్నిటికన్నా మంట. 2024 చివర్లో యేట్స్‌ను వదిలి, ఏడాది ఒప్పందాల మీద క్రిస్ మార్టిన్, మిల్నర్, ఆర్మ్‌స్ట్రాంగ్‌లను తెచ్చినప్పుడు "పాత సామాన్ల కొట్టు" అన్నాడు. 2025లో పిచర్లందరినీ కలిపి చూస్తే మొత్తం లీగ్‌లోనే అతి తక్కువ ఈఆర్‌ఏ రేంజర్స్‌దే. అయినా 81 గెలుపులు, 81 ఓటములు, ఎందుకంటే బ్యాట్లు లేవలేదు. పిచర్ల ఖర్చు గురించి మేం చలికాలమంతా కొట్టుకున్నది అసలు జబ్బు గురించి కానే కాదన్నమాట. ఇది మా తోడల్లుడికి రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ మాట మార్చాడు.

2026 జనవరిలో వాషింగ్టన్ నుంచి ఎడమచేతి వాటం మెకెంజీ గోర్‌ను తెచ్చారు, ఐదుగురు కుర్రాళ్లను ఇచ్చి. కొనలేదు, పెంచలేదు, పెంచుతున్నవాళ్లను ఇచ్చి మార్చుకున్నారు. ధర ఎక్కువేనని నా అనుమానం. కానీ గోర్ మీద జట్టుకు ఉన్న హక్కు రెండు సీజన్లు. డీగ్రామ్ ఒప్పందం, ఒక షరతుతో కూడిన అదనపు ఏడాదిని పక్కన పెడితే, 2027తో సరి. ఇయోవాల్డీదీ 2027తోనే. ముగ్గురి గడువూ ఒకే శరదృతువులో తీరుతుంది. అప్పటికి డీగ్రామ్‌కు 39, ఇయోవాల్డీకి 37. మిగిలేది లైటర్, కుదిరితే రాకర్.

మా తోడల్లుడు నిన్న మళ్లీ ఫోను చేసి ఒక్క ముక్కలో చెప్పమన్నాడు. ఇయోవాల్డీ లాంటివాణ్ని రెండేళ్లకు తీసుకోమను, మూడో ఏడు అడిగితే ఒకసారి నీళ్లు తాగి ఆలోచించుకోమను అన్నాను. "మరి నాలుగో ఏడు?" అన్నాడు. ఫోను మా అబ్బాయికి ఇచ్చేశాను.