గాల్వెస్టన్ నుంచి ఆరుసార్లు: రాయల్ కరీబియన్ ఓడల గురించి మా ఇంటి అనుభవం

రాయల్ కరీబియన్ అంటే సముద్రం మీద విహారయాత్రలు నడిపే కంపెనీ. 2016లో మేము మొదటిసారి వాళ్ల లిబర్టీ ఆఫ్ ది సీస్ ఓడ ఎక్కినప్పుడు మా బాబుకి మూడేళ్లు. 2024 డిసెంబరులో హార్మొనీ ఆఫ్ ది సీస్ దిగేసరికి వాడు నా భుజం దాకా వచ్చేశాడు. ఉండేది అమెరికాలోని టెక్సస్‌లో, హ్యూస్టన్‌లో కాబట్టి గాల్వెస్టన్ రేవు మాకు కారులో గంట ప్రయాణం. ఆరుసార్లు వెళ్లాం, రెండుసార్లు అమ్మానాన్నలని కూడా తీసుకెళ్లాం.

తెలిసినవాళ్లు ఎవరైనా ముందు "ఏ ఊళ్లు చూపిస్తారు?" అని అడుగుతారు. ముందు ఓడ చూసుకోండి, ఊళ్ల సంగతి తర్వాత అంటాను నేను. ఇక్కణ్ణుంచి ఏడు రాత్రుల ప్రయాణం అంటే ఎక్కువగా మెక్సికోలోని కోజుమెల్, కోస్టా మాయా, హోండురాస్‌లోని రోటాన్‌లే. దాదాపు మూడు రోజులు ఏ ఒడ్డూ తగలదు. ఆ మూడు రోజులూ ఓడే మీ ఊరు.

లిబర్టీ 2007 నాటిది. 339 మీటర్ల పొడవు, లోపల మంచు మీద స్కేటింగ్ చేసే రింక్, మధ్యలో షాపుల వీధి. అప్పట్లో అదే మాకు మహా పెద్ద ఓడ. తర్వాత అల్యూర్, హార్మొనీ ఎక్కాక తేడా అర్థమైంది. ఇవి ఒయాసిస్ తరగతి అనే ఇంకా పెద్ద రకం ఓడలు. హార్మొనీ పొడవు 362 మీటర్లు, గదికి ఇద్దరు చొప్పున లెక్కేసినా దాదాపు 5,500 మంది పడతారు. అసలు విశేషం సైజు కాదు. గదుల్ని రెండు పక్కలకి జరిపి, ఓడ నడుమ భాగాన్ని ఆకాశానికి తెరిచి వదిలేశారు. ఆ ఖాళీలో, ఎనిమిదో డెక్‌లో (అంటే అంతస్తులో), సెంట్రల్ పార్క్ అని ఒక తోట ఉంది.

మా నాన్న కడియం నర్సరీల మధ్య పెరిగిన మనిషి. మొదటిరోజు సాయంత్రం అక్కడికి తీసుకెళ్తే ఇవన్నీ ప్లాస్టిక్‌వే అనుకున్నారు. ఒక మొక్క దగ్గర వంగి ఆకు వెనక్కి తిప్పి ఈనెలు చూశారు. తర్వాత మట్టిలోకి వేలు గుచ్చి, ఆ వేలు నాకు చూపించి, "తడి ఉందిరా, నిజం మొక్కే" అన్నారు. ఆ మొహంలో సంతోషం ఇంతా అంతా కాదు. ఆ రోజు నుంచి పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని అక్కడికే. పనివాళ్లు ఎండుటాకులు తీసి నీళ్లు పెట్టే వేళకి తను హాజరు. సముద్రం గాలి అక్కడికి నేరుగా కొట్టదు, మనుషులూ తక్కువే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఈత కొలను పక్క గోల కంటే ఆ బెంచీలు వెయ్యి రెట్లు మేలు.

తోట వైపు బాల్కనీ ఉన్న గదులూ ఉంటాయి. సాధారణంగా సముద్రం వైపు వాటికంటే చవక. కానీ కింద నడిచేవాళ్లకి కనిపిస్తాం కాబట్టి కర్టెన్ వేసుకునే ఉండాలి. అమ్మకి సముద్రం కనిపించకపోతే తోచదు, అందుకని మేము సముద్రం వైపు గదే తీసుకున్నాం. కడుపులో తిప్పే ఒంటితత్వం ఉంటే ఓడ మధ్యలో, కింది డెక్‌లలో గది అడగండి. కుదుపు అక్కడ బాగా తక్కువ.

మావాడికి మాత్రం ఫ్లోరైడర్ తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఎదురుగా ఉధృతంగా వచ్చే నీటి మీద బోర్డు వేసుకుని జారడం అది. పడుకుని చేసే బోర్డుకి 52 అంగుళాల ఎత్తుండాలి. దీనికి గానీ, గోడ ఎక్కే ఆటకి గానీ, హార్మొనీలో ఉన్న పది అంతస్తుల జారుడుబండకి గానీ వేరే డబ్బు లేదు.

తిండి గురించి అందరికీ ఉండే టెన్షన్ మాకూ ఉండేది. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. మొదటి రాత్రే డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌కి చెప్పాం. ముంబై అతను. "రేపటి నుంచి నేను చూసుకుంటాను ఆంటీ" అన్నాడు. మర్నాడు అన్నం, పప్పు, బంగాళాదుంప కూర వేడివేడిగా వచ్చాయి. అమ్మ ఒక ముద్ద కలిపి, "ఇంగువ కూడా వేశారే!" అంది. కాకపోతే ముందుగా చెప్పాలి, అప్పటికప్పుడు అడిగితే కుదరదు. ఇంట్లో పెట్టిన ఆవకాయ, రైస్ కుక్కర్ ఓడలోకి రానివ్వరు. సీలు వేసిన పచ్చడి ప్యాకెట్ అయితే పర్లేదు.

డబ్బు దగ్గర ఒక మాట. టికెట్ ధర చూసి లెక్క వేసుకోకండి. టిప్పులు మనిషికి రోజుకింత అని విడిగా పడతాయి, ఇంటర్నెట్ విడిగా. మద్యం ప్యాకేజీ (ముందే డబ్బు కట్టి రోజూ తాగేది) ఒకరు తీసుకుంటే అదే గదిలో ఉన్న పెద్దవాళ్లంతా తీసుకోవాలన్నది రూలు. అలవాటు లేనివాళ్లున్న గదికి అది శుద్ధ దండగ, విడిగా కొనుక్కోవడమే నయం. డాక్టరు ఖర్చూ మనదే. అమ్మానాన్నల ఇన్సూరెన్స్ ఓడ మీద పనిచేస్తుందో లేదో కాగితాలు చదివి మరీ చూడండి. మాకు అమ్మిన కంపెనీ ఫోన్‌లో అవునంది, కాగితంలో మాత్రం లేదు. బయల్దేరే ముందే చూసుకున్నాం కాబట్టి వేరేది కొన్నాం.

చలికాలంలో గాల్వెస్టన్‌లో పొగమంచు పడితే ఓడల రాకపోకలు ఆపేస్తారు. ఒక జనవరిలో తిరుగు ప్రయాణంలో మా ఓడ మధ్యాహ్నం దాకా రేవు బయటే ఆగిపోయింది. ఆ రోజు సాయంత్రం ఫ్లైట్ పెట్టుకున్నవాళ్లు పడ్డ ఆందోళన కళ్లారా చూశాను. దూరం నుంచి వచ్చేవాళ్లు తిరుగు టికెట్ మర్నాటికి తీసుకోండి.

అమ్మానాన్నలు మళ్లీ వస్తున్నారు. పాత ఓడలు కొన్ని చవగ్గా దొరుకుతున్నాయి, మేము మాత్రమే అయితే వాటిలోనే హాయిగా వెళ్లేవాళ్లం. కానీ వాటిలో తోట లేదు. ధర ఎక్కువైనా ఒయాసిస్ తరగతి ఓడే బుక్ చేశాను.