కార్బన్ బ్లాకా, నానోట్యూబులా?

అలిపిరి దాటి కొండెక్కే ఎలక్ట్రిక్ బస్సు బ్యాటరీని పిండేస్తుంది. దిగేటప్పుడు బ్రేకుల నుంచి కొంత కరెంటు మళ్లీ లోపలికి ఎక్కుతుంది. ఈ రాకపోకలు సాఫీగా సాగాలంటే బ్యాటరీ ఎలక్ట్రోడ్‌లో, అంటే లిథియం దాచే పదార్థం పూసిన రేకులో, ఎలక్ట్రాన్లకు దారి ఉండాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (ఎల్‌ఎఫ్‌పీ) లాంటి పదార్థం కరెంటును సరిగా మోయదు కాబట్టి కార్బన్ కలుపుతారు.

కార్బన్ బ్లాక్ ఇందులో పాతకాపు. టైర్లకు నలుపునిచ్చే సరుకు జాతే, చవక. రేణువులు ఒకదాన్నొకటి తాకితేనే దారి ఏర్పడుతుంది గనక మామూలుగా 2 నుంచి 5 శాతం వేస్తారు. అంత మేరకు లిథియం దాచే పదార్థానికి చోటు తగ్గినట్టే.

నానోట్యూబు కూడా కార్బనే, అతి సన్నని గొట్టం; ఇది మాత్రం పూలదండలో దారం లాంటిది. 1 శాతం లోపే వేసినా దూరదూరంగా ఉన్న రేణువులను కలిపేస్తుంది. దీని అసలు సత్తా సిలికాన్ ఆనోడ్‌లో (బ్యాటరీ నెగటివ్ ఎలక్ట్రోడ్‌లో) తెలుస్తుంది. చార్జింగ్‌లో మామూలు ఆనోడ్‌లోని గ్రాఫైట్ 10 శాతం ఉబ్బితే, సిలికాన్ 3 రెట్లకు పైగా ఉబ్బుతుంది. మళ్లీ కుంచించుకునేసరికి కార్బన్ బ్లాక్ రేణువుల మధ్య దారి తెగిపోతుంది. ట్యూబులు సాగి, వంగి, పట్టు వదలవు.

చిక్కల్లా కలపడంలోనే. ట్యూబులు చిక్కుపడి ఉండలు కడతాయి, స్లర్రీ (రేకుకు పూసే ముద్ద) చిక్కబడి రేకు మీద పూత సమంగా పడదు. తయారీలో వాడిన ఇనుము, కోబాల్ట్ నలకలు మిగిలితే సెల్‌కే ముప్పు. ధర సంగతి సరేసరి!

తిరుపతిలోనూ 2022లో లిథియం సెల్ ప్లాంటు మొదలైంది. పవర్ బ్యాంకుల్లో వాడే మామూలు గ్రాఫైట్ సెల్‌కైతే నా ఓటు కార్బన్ బ్లాక్‌కే. సిలికాన్ కలిపితే మాత్రం నానోట్యూబులు తప్పవు. రెండూ కలిపి వాడేవాళ్లూ ఉన్నారు.