మోస్పీ మైక్రోడేటా పోర్టల్: ఎకనామిక్స్, డేటా సైన్స్ కలిపి చదివే పీజీ విద్యార్థికి ఎంతవరకు పనికొస్తుంది?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఎకనామిక్స్ పీజీలో చేరే తెలుగు పిల్లలు ముందుగా అడిగేది సిలబస్‌లో కోడింగ్ భాషలైన పైథాన్ ఉందా, ఆర్ ఉందా అని. ఏ డేటా మీద చేయిస్తారన్నది అంతకన్నా ముఖ్యం. ఎక్కడివో ఇళ్ల ధరల ఫైళ్ల మీద రిగ్రెషన్ నేర్చుకుంటే కోడు వస్తుంది కానీ ఎకనామిక్స్ రాదు. ఆ లోటు తీర్చేది కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ (మోస్పీ) నడిపే మైక్రోడేటా పోర్టల్. మైక్రోడేటా అంటే సర్వేలో ఒక్కో ఇంటి, ఒక్కో మనిషి నుంచి తీసుకున్న ముడి వివరాలు. ఈమెయిల్‌తో ఖాతా తెరిచి, డేటా దేనికి వాడతారో రెండు వాక్యాలు రాస్తే డౌన్‌లోడ్ అవుతుంది. రూపాయి ఖర్చు లేదు.

మొదట తీసుకోవాల్సింది శ్రామిక సర్వే, అంటే పీఎల్‌ఎఫ్‌ఎస్ (పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే). 2017లో మొదలైంది. 2023-24 ఏడాది ఫైలులో నాలుగు లక్షలకు పైగా మనుషుల వివరాలున్నాయి. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు.

డేటాకు ఐదుకు ఐదు ఇవ్వొచ్చు. దాన్ని వాడే దారి చూపించడంలో మూడుకు మించి ఇవ్వలేం. చాలా ఫైళ్లు తెరిస్తే కాలమ్ పేర్లు ఉండవు, వరసగా అంకెలే. ఏ స్థానం నుంచి ఏ స్థానం దాకా ఏముందో వేరే ఎక్సెల్ లేఅవుట్‌లో ఉంటుంది. దాన్ని పక్కన పెట్టుకుని పైథాన్ లైబ్రరీ పాండాస్‌లో రీడ్-ఎఫ్‌డబ్ల్యుఎఫ్ (read_fwf) ఫంక్షన్‌తో చదవాలి. కోడ్‌లన్నీ అంకెలుగా కాక టెక్స్ట్‌గానే తీసుకోండి. లేకపోతే 01 కాస్తా 1 అయిపోతుంది, ఇంటి ఫైలును మనుషుల ఫైలుతో కలిపేటప్పుడు వరసలు జత కుదరవు. ఇంటి కీ, అంటే ఒక్కో ఇంటిని గుర్తుపట్టే సంఖ్య కోసం ఎఫ్‌ఎస్‌యూ (సర్వేకు ఎంపికైన ఊరు లేదా పట్టణ బ్లాకు) నంబరు, సబ్‌బ్లాకు, రెండో దశ స్ట్రాటమ్, ఇంటి నంబరు నాలుగూ కలపాలి. స్ట్రాటమ్ అంటే శాంపుల్ తీసే ముందు విడగొట్టుకున్న వర్గం. మనిషికైతే వరస సంఖ్య కూడా చేర్చాలి.

ఎక్కువమంది దెబ్బతినేది వెయిట్ దగ్గర, అంటే శాంపుల్‌లోని ఒక్కొక్కరు జనాభాలో ఎందరికి ప్రతినిధో చెప్పే అంకె దగ్గర. పట్టణాల ఇళ్లను జనాభాలో వాటి వాటాకు మించి శాంపుల్‌లోకి తీసుకుంటారు కాబట్టి, వెయిట్ వేయకుండా తీసిన సగటు పట్నం వైపు ఒరిగిపోతుంది. ఆ వెయిట్ కోసం ఫైల్లో ఇచ్చిన మల్టిప్లయర్‌ను నేరుగా వాడినా తప్పే. ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌సీ కాలమ్‌లు (సర్వే అయిన యూనిట్ల సంఖ్య, ఒక సబ్‌శాంపుల్‌కు విడిగా, అన్నిటికీ కలిపి) సమానమైతే 100తో, కాకపోతే 200తో భాగించి, ఏడాది అంచనాకు క్వార్టర్ల సంఖ్యతో మళ్లీ భాగించాలి. ఈ సూత్రం రీడ్‌మీ ఫైల్లో ఉంటుంది, ఏ ఏడాది డేటాకు ఆ ఏడాది రీడ్‌మీయే చూడాలి. మొదటి విజిట్ ఫైలును, పట్టణ రీవిజిట్ ఫైలును ఒకదానికింద ఒకటి అతికించి ఏడాది లెక్క తీయొద్దు, అవే ఇళ్లు మళ్లీ లెక్కలోకి వస్తాయి.

సరిచూసుకోవడం తేలిక. 2023-24లో 15 ఏళ్లు నిండినవారి శ్రామిక భాగస్వామ్యం (పనిచేసేవారు, పని వెతుక్కునేవారు కలిపి) 60.1 శాతం, ఆడవాళ్లది 41.7 శాతం అని అధికారిక నివేదిక చెబుతోంది. మీకు అంతే రావాలి. బాగా తక్కువగా వస్తే ప్రధాన పనిని మాత్రమే లెక్కించారేమో చూడండి. ఉద్దానంలో ఇంటి పనిచేస్తూ, ఏడాదిలో నెలకు తగ్గకుండా సొంత జీడితోటలోనూ కష్టపడే ఆడమనిషికి ప్రధాన కోడ్ 92 (ఇంటి పని), అనుబంధ కోడ్ 21 (సొంత పనిలో జీతం లేని సాయం) పడొచ్చు. రెండో కోడ్ వదిలేస్తే ఆమె శ్రామికురాలే కాకుండా పోతుంది. కోడు రాసేవాడికి ఎకనామిక్స్ ఎందుకు రావాలో ఇక్కడే తెలుస్తుంది.

డిసర్టేషన్‌కు గజపతి, శ్రీకాకుళం జిల్లాలను పోల్చాలని చాలామందికి ఉంటుంది. 2024 దాకా ఉన్న డేటాతో ఆ పని పెట్టుకోవద్దు. ఎంపికైన ఒక్కో యూనిట్‌లో 8 ఇళ్లే తీసుకునేవారు, చిన్న జిల్లాలో అలాంటి యూనిట్లు పిడికెడు. పైగా 2022 ఏప్రిల్‌కు ముందు శ్రీకాకుళం అంటే పాలకొండ, సీతంపేట కలిసిన పాత జిల్లా. జాతీయ శాంపుల్ సర్వే (ఇదీ ఎన్‌ఎస్‌ఎస్సే, పై కాలమ్ కాదు) రీజియన్ స్థాయిలో, అంటే కొన్ని జిల్లాలు కలిసిన ప్రాంతం స్థాయిలో పోల్చితే నిలబడుతుంది. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్‌లు ఒడిశా దక్షిణ రీజియన్‌లోనే ఉన్నాయి. రాష్ట్ర కోడ్ ఒడిశాకు 21, ఆంధ్రాకు 28. స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత) కోసం ఆర్‌లో సర్వే ప్యాకేజీ వాడి, స్ట్రాటమ్, ఎఫ్‌ఎస్‌యూ రెండూ ఇవ్వాలి. ఒకే యూనిట్ ఉన్న స్ట్రాటమ్ దగ్గర అది ఆగిపోతే లోన్లీ పీఎస్‌యూ (ఇక్కడ పీఎస్‌యూ అంటే ఎఫ్‌ఎస్‌యూయే) ఆప్షన్‌ను అడ్జస్ట్‌కు మార్చండి. 2025 జనవరి నుంచి జిల్లానే ప్రాథమిక స్ట్రాటమ్‌గా మార్చారు, ముందుముందు జిల్లా లెక్కలకు దారి దొరుకుతుంది.

గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లినవాళ్ల మీద పనిచేయాలంటే పీఎల్‌ఎఫ్‌ఎస్ చాలదు. ఆరు నెలలకు మించి ఊరు వదిలి ఉన్నవాళ్లను ఆ ఇంటి సభ్యులుగా లెక్కించరు. వెళ్లిపోయినవాళ్ల వివరాలు అడిగింది 2007-08 నాటి జాతీయ శాంపుల్ సర్వే 64వ రౌండ్‌లో. పాత రౌండ్లు చాలావరకు నెస్‌స్టార్ అనే డేటా ఫార్మాట్‌లో ఉంటాయి. నెస్‌స్టార్ ఎక్స్‌ప్లోరర్ విండోస్‌లోనే నడుస్తుంది కాబట్టి కాలేజీ ల్యాబ్‌లో ఒకసారి తెరిచి, స్టాటా ఫార్మాట్‌లోకి ఎగుమతి చేసి ఇంటికి తెచ్చుకోండి.