మా బంటిగాడి ఊపిరితిత్తిలో గడ్డ, ఆపరేషన్ చేసిన హాస్పిటల్ గురించి (4 స్టార్లు)

మా ల్యాబ్రడార్ బంటిగాడికి పదేళ్లు, రెండు నెలలుగా ఒకటే పొడి దగ్గు. ఖమ్మంలో చూపిస్తే ఒక ఎక్స్‌రే తీసి ఏం లేదన్నారు, మందులు రెండు కోర్సులు వాడినా తగ్గలేదు, ఇక లాభం లేదని వెనక సీట్లో బొంతేసి హైదరాబాద్ తీసుకొచ్చాం.

ఇక్కడి డాక్టర్ గారు ఫస్ట్ అడిగిందే "ఏ పక్కకి పడుకోబెట్టి తీశారు?" అని. నాకేం తెలుసు! కుక్క ఏ పక్క పడుకుంటే ఆ పక్క ఊపిరితిత్తి అణిగి గాలి తగ్గిపోద్దంట, అందులో గడ్డున్నా ఎక్స్‌రేలో దొరకదంట, అందుకే కుడికొకటి ఎడమకొకటి వెల్లకిలా ఒకటి మొత్తం 3 తీయాలంట. మూడూ తీశారు, కుడి ఊపిరితిత్తి వెనక భాగంలో ఉసిరికాయంత గడ్డ. మా పాత ఫిల్మ్ కుడిపక్క పడుకోబెట్టి తీసిందే!

తర్వాత మత్తిచ్చి సీటీ. ఊపిరితిత్తిలోనే పుట్టే ట్యూమర్ కుక్కల్లో చాలా అరుదు, వేరేచోట నుంచి పాకినవే ఎక్కువంట, అందుకని పొట్ట స్కానింగ్ కూడా చేశారు. ఇంకెక్కడా లేదు. పక్కటెముకల మధ్య కోసి, గడ్డున్న ఆ లోబ్ (ఊపిరితిత్తిలో ఒక భాగం) మొదట్లో స్టేప్లర్ వేసి మొత్తం తీసేశారు, పక్కనున్న లింఫ్ గ్రంథి ముక్క కూడా తీసి టెస్టుకి పంపారు. ఛాతీలో ట్యూబుతో రెండ్రోజులున్నాడు, మూడో రోజు పెరుగన్నం గిన్నె నాకి తోకూపాడు, మా ఆవిడ అక్కడే ఏడ్చేసింది.

రిపోర్ట్‌లో క్యాన్సరే, కార్సినోమా. కానీ గ్రంథి క్లీన్. గ్రంథికి పాకితే నెలల్లోనే అయిపోద్ది, పాకకపోతే ఏడాది, ఇంకా ఎక్కువ కూడా బతికేవి ఉన్నాయని చెప్పారు, నయమైపోయిందని మాత్రం అన్లేదు. నాకు అదే నచ్చింది.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే బిల్లు. చెప్పిన ఎస్టిమేట్ మీద 18 వేలు ఎక్కువైంది, ఎందుకని అడిగితే కౌంటర్ వాళ్లు డాక్టర్నడగండి అంటారు, డాక్టర్ గారేమో కౌంటర్లో అడగమంటారు. రాత్రిళ్లు తోడున్నవాళ్లకి కూర్చోడానికి కుర్చీ కూడా లేదు, నేను కార్లోనే పడుకున్నా, దోమలు!

వెళ్లేవాళ్లు పాత ఎక్స్‌రే ఫిల్మే తీసుకెళ్లండి, రిపోర్ట్ కాగితం చూపిస్తే ఆయన చూడరు.