చిన్న ఇల్లు: అయినవారితో కట్టుకోవడమా, మేస్త్రీకి గుత్తకివ్వడమా

తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద విడతలవారీగా అందే 5 లక్షల రూపాయలతో తమ సొంత స్థలంలో కనీసం 400 చదరపు అడుగుల ఇల్లు కట్టుకోదలచిన కుటుంబం, పనిని మేస్త్రీకి గుత్తకివ్వాలా, లేక అన్నదమ్ములను, స్నేహితులను కలుపుకొని తామే కట్టుకోవాలా అన్నది ముందుగా తేల్చుకోవలసి ఉంటుంది.

గుత్తకిస్తే పని తెలిసిన చేతుల్లో పడుతుంది, పొరపాటు జరిగితే అడగడానికి ఒక మనిషి ఉంటాడు. అయితే కూలి ఖర్చు పూర్తిగా చేతి నుంచే పోతుంది, విడత సొమ్ము ఆలస్యమైతే పనీ ఆగుతుంది.

అయినవారితో కట్టుకుంటే పునాది తవ్వకం, ఇటుకల మోత, మట్టి నింపి దిమ్మిస కొట్టడం వంటి పనుల కూలి మిగులుతుంది. అంతకంటే ముఖ్యమైనది నీళ్లు పట్టడం. గోడలకు కనీసం వారం రోజులు, స్లాబుకు రెండు వారాలు తడి ఆరకుండా చూడటంలో ఇంటివారికున్న శ్రద్ధ కూలికి వచ్చినవారిలో అరుదు. నా దృష్టిలో ఈ ఒక్క కారణమే సొంతవారి వైపు మొగ్గడానికి చాలు. కానీ ఈ సాయం ఉచితం కాదు: పూటకు పదిమందికి అన్నం పెట్టాలి, రేపు వారి పొలంలో బదులు వెళ్లాలి, నాట్లు, కోతల రోజుల్లో ఎవరినీ పిలవకూడదు.

ఇనుప చువ్వలు కట్టడం, సెంట్రింగ్ (స్లాబు గట్టిపడేదాకా దాన్ని మోసే పలకలు, గుంజలు బిగించడం), కరెంటు వైరింగ్ మాత్రం ఏ పద్ధతిలోనైనా నిపుణులకే అప్పగించాలి. స్లాబు కాంక్రీటును మధ్యలో ఆపకుండా ఒకే రోజులో పోయాలి, లేకుంటే ఆ అతుకు దగ్గరే వాన నీరు కారుతుంది.